బానక్క పైకిపోయిన ఆదివారం

సేతుమాధవరావు సార్‌ని ఆటలో కూర్చోబెట్టాలన్న ఆలోచన నాది కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఆ పుణ్యం కట్టుకున్నది వాళ్ళ కూతురు మేధ. అంతా మంచికే జరిగిందని ఇప్పుడు గొప్పలు పోతోంది గానీ, ఆ పూట నా పై ప్రాణాలు పైనే పోయిన సంగతి దానికేం తెలుసు!

నా పేరు కౌసర్. ఆదోనిలో బస్టాండు దగ్గర డీటీపీ షాపులో పనిచేస్తాను. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే ఊపిరాడనంత పని. మేధది ఎమ్మిగనూరు, అక్కడే ఒక స్కూల్లో టీచరు. డిగ్రీలో ఒకే బెంచీ మాది. మూడేళ్ళుగా ఇద్దరం కలిసి ఒక సీమను తయారుచేస్తున్నాం. నవ్వకండి, నిజంగానే సీమ. దాని పేరు ఎండమబ్బు సీమ.

మా ఆటకు బోర్డు ఉండదు, పావులు ఉండవు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, ‘ఇప్పుడు నేను గోడ దూకుతున్నా’, ‘ఇప్పుడు నేను పాముతో బేరమాడుతున్నా’ అంటారు. ఆ పని కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పదకొండూ ఆ పైన పడితే కుదిరినట్టు. ఇలాంటి ఆట ఆడాలంటే ముందు ఒక లోకం ఉండాలి. అందులో దేవుళ్ళుండాలి, దెయ్యాలుండాలి, దారులుండాలి, వాటికో చట్టం ఉండాలి. ఆ లోకం కట్టడమే మా పని. ఇది ఒక పనా అని అడిగినవాళ్ళకు నేను చెప్పిన సమాధానాలు ఇక్కడ రాయడం బాగుండదు.

ఉన్న దేవుళ్ళ జోలికి పోకూడదని మొదటి రోజే ఒట్టేసుకున్నాం. వాళ్ళింట్లో మడి, మా ఇంట్లో నమాజు, ఎందుకొచ్చిన తంటా! మా దేవుళ్ళను మేమే పుట్టించుకున్నాం. నల్లరేగడమ్మ అని ఒక తల్లి ఉంటుంది. ఏడాదంతా గమ్మున ఉండి, వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు ఆ నోళ్ళన్నిటితో ఒకేసారి మాట్లాడుతుంది. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వింటూ మేధ ముగ్గురు అక్కచెల్లెళ్ళను కనిపెట్టింది. వాళ్ళు రోజూ పొద్దును నేస్తారు, పోగు తెగిన రోజున పొద్దు కాస్త చిరిగి ఉంటుంది. నేను ఆదోనిదాన్ని, నాకు తెలిసింది పత్తి. అందుకని ఆకాశం అంచున ఒక జిన్నింగ్ మిల్లు పెట్టాను. దాని పేరు గాలిజిన్ను. పత్తి అందులో పడితే దూది మబ్బై పైకి లేస్తుంది, గింజ వేరుపడి కిందికి రాలుతుంది. మబ్బులన్నిటికీ యజమాని మబ్బుదొర. వాన కావాలంటే ఆయన్నే అడగాలి.

ఆ సీమలో నా పాత్ర బానక్క. భుజాన దూదేకే విల్లు వేసుకుని తిరుగుతుంది. నారి లాగి వదిలితే ముద్దకట్టిన మబ్బు కూడా విచ్చుకోవాల్సిందే. నోరు మాత్రం... ఆ నోరు మా నానీది. మా అమ్మవాళ్ళమ్మ జొహరాబీ. వాళ్ళింట్లో పరుపులు, దిండ్లు కుట్టేవాళ్ళు. చిన్నప్పుడు వసారాలో విల్లు డంయ్ డంయ్‌మంటుంటే ఆ దూదిలో పడి దొర్లేదాన్ని. నానీకి భయమన్నది తెలియదు. రేషన్ షాపువాడితో, బస్సు కండక్టరుతో, పత్తి యార్డులో దళారీతో, ఎవరితోనైనా సరే. ‘బాగలేనిదాన్ని బాగలేదు అనేకి భయమేంది మే?’ అనేది. రెండేళ్ళ కింద పోయింది. అప్పటినుంచి ఆ మాటలు వినాలంటే నాకు ఆదివారం ఆట ఒక్కటే దిక్కు. బానక్క నోరు తెరిస్తే నానీయే పలికేది, నేను నటించాల్సిన పనే ఉండేది కాదు.

అందుకే బానక్క చావదు. బావి పాము కరిచింది, చావలేదు. కొండ మీంచి దొర్లింది, చావలేదు. పాచిక ఎంత చెడ్డగా పడ్డా నేను అప్పటికప్పుడు ఒక తాయెత్తో, ఒక వరమో, ఏదో ఒక కొత్త చట్టమో పుట్టించేదాన్ని. మా తమ్ముడు జీషాన్ సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు, ఆదివారం మాతో ఆడతాడు. వాడి పాత్ర కప్పనెక్కి తిరిగే బావుల కాపరి. వాడొకటే ఎగతాళి. “బానక్క దగ్గరికి సావే వచ్చినా, సారీ అక్కా, అడ్రసు తప్పినా అని మళ్ళుకొని పోతాది.”

అనుకోనీ. నా సీమ, నా ఇష్టం.

ఇంతలో బెంగళూరు నుంచి విజయ్ అనే ఆయన మెసేజ్. ఇలాంటి ఆటల పుస్తకాలు అచ్చేసే చిన్న సంస్థ ఆయనది. మేం పంపిందంతా చదివాడట. బాగుందన్నాడు. అంతటితో ఆగితే మనిషి ఎంత మంచివాడు! ఆగలేదు. “మీ సీమలో మనుషులు చచ్చిపోతే ఏమవుతారు? ఆ పేజీ ఖాళీగా ఉంది” అన్నాడు. పాత్ర పోయినవాళ్ళు ఆటలోంచి లేచిపోయి మూల కూర్చుంటే ఆట చప్పబడిపోతుందని, దానికొక దారి ఉండాలని రాశాడు. ఈ ఏడు తెలుగులో ఒక్కటే వేస్తాడట, తన బల్ల మీద ఇంకో రెండు ఉన్నాయట. వచ్చే ఆదివారం తానే వచ్చి మా ఆట చూస్తాడట. ఆటగాళ్ళలో ఒకరైనా ఇదివరకు ఎన్నడూ ఆడని మనిషై ఉండాలట.

ఆ వారమంతా పెళ్ళికార్డుల మీద తప్పులు పడ్డాయి. ఆ పుస్తకం రావాలి. నాకు అంతకుమించి ఏమీ వద్దు. అట్ట మీద మా ఇద్దరి పేర్లు, లోపల నానీ మాటలు, ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని మా సీమలో తిరగడం. దానికోసం ఎంత ఆశపడ్డానంటే, చావు పేజీ రాద్దామని రోజూ కూర్చున్నాను, రోజూ లేచిపోయాను. ఆ పేజీ రాస్తే అది బానక్కకూ వర్తిస్తుంది మరి.

కొత్త మనిషిగా నా స్నేహితురాలు షాహిస్తాను ఒప్పించాను. ఆదివారం పొద్దున జీషాన్‌తో ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నానో లేదో షాహిస్తా ఫోను.

“కౌసర్, మా ఆడబిడ్డోల్లు హొళగుంద నుంచి దిగినారే. అందరికీ బిర్యానీ సెయ్యల్ల. ఈ పొద్దు నా వల్ల గాదు.”

బిర్యానీ మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. మేధ ఇంటికి పోయేసరికి అది తాపీగా బల్ల తుడుస్తోంది.

“మా నాయన ఉండాడు గదే” అంది.

“మీ నాయననా? మే, నీకేమన్నా మతి పోయిందా?”

“కొత్త మనిషి కావల్లన్నాడు గదా ఆయప్ప. మా నాయన కంటే కొత్త మనిషి ఈ జిల్లాలో దొరకడు. పేకముక్క ముట్టింది లేదు, క్యారంబోర్డు తాకింది లేదు.”

సేతుమాధవరావు సార్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. దేవుడులాంటి మనిషి. ఆయనతో ఒకటే చిక్కు. ఎవరు ఏమడిగినా ‘అంతా బాగుంది, రాయర దయ’ అంటారు. రాయరంటే వాళ్ళు కొలిచే మంత్రాలయం స్వామి. పోయిన ఏడు వాళ్ళ పడకగది కప్పు పెచ్చూడి మంచం మీద పడింది. నెత్తినిండా సున్నం, చేతిలో విరిగిన కళ్ళజోడు. సరిగ్గా అప్పుడే మంత్రాలయం నుంచి వాళ్ళన్న ఫోను, ఎట్లుండారప్పా అని. “అంతా బాగుందన్నా, రాయర దయ” అన్నారు సార్, సున్నం దులుపుకుంటూ. ఆయన భార్య రుక్మిణమ్మ ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పి, “ఈయప్ప కొంపంటుకున్నా సలి కాసుకుంటాండాం అంటాడు” అని నెత్తి కొట్టుకుంటుంది.

ఇక వేరే దారి లేదు. సరే అన్నాను.

విజయ్ ఆటో ఎక్కానని ఫోన్ చేస్తే ఎదురుచూస్తూ వాకిట్లో నిలబడ్డాను. అప్పుడే భీమక్క వచ్చింది. వినాయక చవితి పోయిన వారంలో ఏటా హొళగుంద వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. గంపలో వేపాకు మధ్య బంకమట్టితో చేసిన జోకుమారస్వామి, మీసాలు మెలేసుకుని, నోటినిండా వెన్నతో. రుక్మిణమ్మ చేటలో జొన్నలు తెచ్చి పోసి, స్వామి నోటికి ఇంత వెన్న రాసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పరుగెత్తింది.

నేను ఊరికే ఉండలేక అడిగాను, “ఈయప్పకు ఇంత మర్యాదేంది భీమక్కా, గణపయ్య మొన్ననే గదా వచ్చిపాయె?”

“ఆయప్ప వచ్చె, కుడుములు తినె, పాయె. పైకి పోయి వాళ్ళ నాయనతో ‘కింద అందురూ సల్లంగుండారు’ అన్నెంట. కడుపునిండా తిన్నెంక అట్లనే గదా అగుపడేది? ఈయప్ప అట్ల గాదు. ఇంటింటికీ తిరుగుతాడు, ఊరి బాదంతా సూస్తాడు. ఆకిరికి దెబ్బలు తిని సస్తాడు. సచ్చి పైకి పోయి, ఉండేది ఉన్నట్ల సెప్తాడు. అప్పుడు గదా వాన!”

“సచ్చినంక సెప్తాడా?”

“బతికుండంగ యెవురింటారు మే?” అంది భీమక్క. నా చేతిలో నాలుగు వేపాకులు పెట్టి, గంప సర్దుకుని పక్కింటికి పోయింది.

సందు మలుపులో ఆటో కనబడింది. వేపాకులు జేబులో కుక్కి ఎదురుపోయాను, ఆ మాట అక్కడే మరిచిపోయాను.

విజయ్ పొట్టిగా, గడ్డంతో, మాటలు పొదుపుగా వాడే రకం. మేడమీది గదిలో కిటికీ పక్కన కూర్చుని, పెన్ను మూత తీసి ఒడిలో కాగితాలు పెట్టుకున్నాడు. “నేను లేననుకుని ఆడండి” అన్నాడు. ఎట్లా అనుకోవాలి!

కథ నడిపేది మేధ. బడిలో ఎంత కచ్చితమో ఇక్కడా అంతే. రాసిన చట్టం ఒక అక్షరం జరగనివ్వదు. ఆ పూట కథ ఇదీ. ఎండమబ్బు సీమలో వాన లేదు. మబ్బుదొర సభకు మనిషిని పంపి సంగతి చెప్పించాలి. మబ్బుబాట మీద ఒక్కరికే, అదీ ఒక్కసారే దారి. పైకి పోయినవాళ్ళను దొర ఒకే ప్రశ్న అడుగుతాడు. ఒకే జవాబు. ఇచ్చిన జవాబుకు తిరుగులేదు. ఈ చట్టం రాసింది నేనే. రాసుకుని రెండు రోజులు మురిసిపోయాను కూడా.

ఆ పైకి పోయే మనిషి పాత్రను సార్‌కి ఇచ్చాం. కొట్లాట లేదు, గోడలు దూకేది లేదు, ఒక మాట చెప్పి రావడమే. అంతకంటే సులువైన పని ఏముంటుంది?

“పాచికలంటే జూదం గదమ్మా?” అన్నారు సార్, దూరంగా జరిగి.

“పందెం లేదు నాన్నా.”

“పందెం లేకుంటే సరే.” పాచికను వేళ్ళతో తిప్పి చూశారు. “ఇరవై ముఖాలు. పదకొండూ ఆ పైన కావల్లంటే సగానికి సగం అవకాశం. బాగుందే!”

నిజం చెప్పొద్దూ, సార్ ఇరగదీశారు. పావుగంటలో కండువా తీసి పక్కన పెట్టారు. జీషాన్ కప్పతో ‘మీరు’ అని మర్యాదగా మాట్లాడారు. నల్లరేగడమ్మ నెర్రెల్లోంచి పలికితే, కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించారు. నేను విల్లు మీటి మబ్బును ఏకి మెట్లు చేస్తుంటే, “జాగ్రత్త తల్లీ, ఆ మూల ఇంకా ముద్దగా ఉండాది” అని ఒకటే హెచ్చరికలు. ఓరకంట చూస్తే విజయ్ పెన్ను ఆగకుండా నడుస్తోంది. నా ఆనందం పట్టలేకపోయాను. కింద నుంచి రుక్మిణమ్మ కుడుముల పళ్ళెం తెచ్చింది. పండగ పోయినా సార్‌కి కుడుముల మీద మోజు పోదు. మబ్బుబాట ఎక్కుతూనే ఆయన ఒకటి, రెండు, తర్వాత నేను లెక్కపెట్టలేదు, లాగించారు.

మబ్బుదొర సభ వచ్చింది. మేధ గొంతు మార్చి, లావుగా అడిగింది.

“ఏమప్పా, అంత దూరం నుంచి వచ్చినావు. కింద భూమ్మీద ఎట్లుండాది?”

సార్ మూతి తుడుచుకున్నారు. వెన్ను నిటారుగా పెట్టారు. చిరునవ్వుతో, నిండుగా, అలవాటుగా జవాబిచ్చారు.

“అంతా బాగుంది. రాయర దయ.”

జీషాన్ చేతిలో కుడుము చేతిలోనే ఉండిపోయింది. మేధ నా వైపు చూసింది. నేను దాన్ని కళ్ళతోనే బతిమాలాను, వద్దే, వినబడలేదనుకోవే అని. అది వింటేగా! తండ్రైనా సరే, చట్టం చట్టమే.

“మబ్బుదొర శానా సంతోషపడినాడు” అంది మేధ. “అంతా బాగుంటే ఇంగ మనకేం పని అని కిటికీ మూసుకొని పండుకున్నాడు.”

కిటికీ పక్కన టిక్ మని చప్పుడైంది. విజయ్ పెన్నుకు మూత పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన అని లేదు, చదువు చెప్పిన మనిషి అని లేదు, వాళ్ళ ఇంట్లోనే వాళ్ళ కుడుములు తింటూ ఆయన మీదే పడ్డాను.

“ఏం బాగుంది సార్? యాడ బాగుంది? బావుల్లో కప్పలకే నీళ్ళు లేవు! నేలంతా నోళ్ళు తెరుసుకోని అరుస్తాంటే మీరే గదా దండం పెడితిరి? పైకి పోయి బాగుందంటారా?”

“నోరు అలవాటులో అనేసిందమ్మా” అన్నారు సార్. పాపం, ఆయన మొహం చూడలేకపోయాను. “నీళ్ళు లేవని సెప్పల్లనే పోయినా. ఎట్లుండారని అడిగితే... నోరు దానంతటదే అనేసింది.”

రుక్మిణమ్మ తలుపు పట్టుకుని పడీపడీ నవ్వుతోంది. “పైకప్పు పడినా అంతే, పై లోకానికి పోయినా అంతే! కడుపునిండా కుడుములు తిని పోయినోడు ఇంకేం సెప్తాడమ్మా!”

ఆ మాటతో నాకు కోపం సగంలో ఆగిపోయింది. చెయ్యి జేబులోకి పోయింది. వేపాకులు.

కుడుములు తిని పైకి పోయినాయన అంతా చల్లగా ఉందన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, చచ్చి పోయినాయన.

“మేధా” అన్నాను. “మన సీమలో సచ్చినోళ్ళు యాడికి పోతారే?”

“నువ్వు రాయలేదు గదే. ఆ పేజీ ఖాళీగా ఉండాది.”

“పైకి పోయే దారి బతికినోళ్ళకు ఒక్కసారే అని రాసినాం. సచ్చినోళ్ళకు అడ్డం ఏమన్నా రాసినామా?”

మేధ కాగితాలు తిరగేసింది. దాని కళ్ళు మెరిశాయి. “లేదు. అడ్డం లేదు.”

జీషాన్ ఎగిరి లేచాడు. “అయితే నేను సస్తాలే అక్కా! నా కప్పను మీరు సాక్కోండి.”

“నువ్వా? పాడైన ఫోన్ అమ్మినావని యెవుడో వచ్చి తిడితే వానికే టీ తాపి పంపే రకం నువ్వు. దొర ముందర నిలబడి అడిగే నోరుందా నీకు?”

ఆ నోరు ఎవరిదో బల్ల చుట్టూ అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరు అనలేదు. జీషాన్ కూర్చున్నాడు. వాడికీ ఆమె నానీయే కదా.

నా ముందు బానక్క కాగితం ఉంది. పేరు, బలం, విల్లు, ఆమె దాటిన గండాలన్నీ రాసి రాసి అంచులు నలిగిపోయిన కాగితం. వేపాకులు తీసి దాని మీద పెట్టి, పైన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నానీని ఒకసారి పోగొట్టుకున్నాను, మళ్ళీ నా చేత్తో పంపించాలా? ఈ కాగితం పోతే వచ్చే ఆదివారం ఎవరి గొంతు వినాలి? పుస్తకం లేకపోతే పోనీ అనిపించింది. నిజంగానే అనిపించింది.

కానీ నానీ అయితే ఏం చేసేదో నాకు తెలుసు. వాన లేదని సీమంతా అల్లాడుతుంటే, పైన దొర అంతా బాగుందనుకుని పడుకుంటే, ఆమె ఇంట్లో కూర్చునే మనిషేనా? చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేది.

“బానక్క గాలిజిన్ను కాడికి పోతాంది” అన్నాను.

“అందులో పడితే బతకరు” అంది మేధ మెల్లగా. కథ నడిపే గొంతు కాదది, నా స్నేహితురాలి గొంతు. డిగ్రీ రోజుల్లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నానీ చేత తిట్లు తిని, మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి అది.

“తెలుసులే. విల్లు భుజానేసుకొని దూకింది.”

మేధ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“జిన్ను తిరిగింది” అంది. తర్వాత ఏం చెప్పాలో దానికి తెలియలేదు. నాకు తెలుసు. ఆదోనిలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

“గింజ కిందికి రాలింది” అన్నాను. “దూది పైకి లేసింది.”

మేధ అరచేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లావు గొంతు తెచ్చుకుంది. “ఎవురది? కిటికీ కాడ డంయ్ డంయ్ అని ఆ సప్పుడేంది?”

నేను నోరు తెరిచాను. ఆ తర్వాత మాట్లాడింది నేను కాదు.

“నేనప్పా, బానక్కను! లెయ్యి ముందు! మెత్తటి దూది మీద పండుకోని, ఎట్లుండారు, బాగుండారా అని అడిగేదేనా నీ దొరతనం? ఒగదినమన్నా కిందికి దిగి సూసినావా? ఆ పెద్దాయన మంచోడు, నీ మనసు నొయ్యగూడదని బాగుందన్నాడు. బాగలేదు! ఇంటే ఇను, ఇనకుంటే ఇంగోసారి సెప్తా, బాగలేదు! నేల పగిలి కాల్లు దిగబడతాండాయి. పత్తికాయ పగలకముందే మాడిపాయె. కప్పలు బావి యిడిసిపెట్టి రోడ్డు మీద కూసున్నాయి. కొళాయి దినం యిడిసి దినం వస్తాదన్నారు, యా దినమో సెప్పలా! బిందెలు క్యూలో నిలబడి నిలబడి వాటికే కాల్లు నొస్తాండాయి. నేను సచ్చి వచ్చినానప్పా ఈడికి. ఉత్త సేతుల్తో మాత్రం పోను. వాన యిస్తావా, లేకుంటే నీ మబ్బులన్నీ ఈడనే ఏకి పరుపులు కుట్టేయల్లనా?”

రుక్మిణమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది. జీషాన్ ఏడుస్తూ నవ్వుతున్నాడో, నవ్వుతూ ఏడుస్తున్నాడో వాడికే తెలియాలి. నేను పాచిక తీసుకుని మేధ ముందు పెట్టాను. చట్టం ప్రకారం ఇప్పుడు వెయ్యాలి. పదిలోపు పడితే బానక్క ఊరికే పోయినట్టు. మేధ ఎన్నడూ ఎవరినీ ఒక్క పాచిక కూడా తప్పించుకోనివ్వలేదు.

అది పాచికను పిడికిట్లో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టేసింది.

“నిజం సెప్పేకి పాచికేంది?” అంది. “మబ్బుదొర సిగ్గుపడినాడు. కిటికీ తెరిసినాడు. వాన.”

సార్ లేచి నిలబడ్డారు. “వానా!” అని ఒక్క కేక పెట్టారు. ఆయన కేక పెట్టగలరని రుక్మిణమ్మకు కూడా తెలియదట. జీషాన్ కప్ప తరఫున గదంతా గంతులేశాడు. పక్కింటివాళ్ళు ఏమైందని అడిగితే రుక్మిణమ్మ మెట్ల మీంచి తొంగిచూసి, “వాన పడిందమ్మా!” అంది. బయట ఎండ మాడ్చేస్తోంది.

విజయ్ పెన్ను మూత తీసి ఎంతసేపైందో నేను గమనించలేదు. సార్ దగ్గరికి వచ్చి, “ఎట్లుంది సార్ ఆట?” అని అడిగాడు.

“అంతా బాగుం...” అని ఆగిపోయారు సార్. నా వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. “కాళ్ళు తిమ్మిరెక్కినాయి. కుడుముల్లో బెల్లం తక్కువ. నా పాత్రకు మాట తప్ప పని పెట్టలేదు, అది శానా అన్యాయం. మల్లా ఎప్పుడు ఆడేది?”

“బెల్లం తక్కువా?” అంది రుక్మిణమ్మ. “ఇన్నేండ్లుగా బాగుంది బాగుంది అంటివే!” సార్ వెంటనే కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా వీధిలోకి చూడసాగారు.

విజయ్ నవ్వాడు. మనిషికి నవ్వడం వచ్చన్నమాట. “ఆ పేజీ చెప్పండి” అన్నాడు నాతో. “రాసుకుంటాను. ఈ ఏడు వేసేది ఇదే.”

మేధ నా భుజాన్ని గిచ్చింది, ఇంకా మచ్చ పోలేదు. నేను చెప్పాను, విజయ్ రాశాడు. ఎండమబ్బు సీమలో చావు అంటే గాలిజిన్ను. దూది పైకి పోతుంది, మబ్బుదొరకు ఒక నిజం చెబుతుంది, ఆ నిజానికి పాచిక లేదు. గింజ కిందికి రాలుతుంది, నల్లరేగడమ్మ ఒడిలో మొలకెత్తుతుంది. ఆ మొలకే ఆ ఆటగాడి కొత్త పాత్ర. ఎవరూ బల్ల దగ్గర నుంచి లేవక్కర్లేదు. పాత మనిషి నుంచి ఒక్క గుణం మాత్రం కొత్త మనిషికి వస్తుంది.

“మొట్టమొదట ఆ దారిన పోయింది బానక్క అని రాయండి” అన్నారు సార్, కిటికీ దగ్గర నుంచే. “అది మాత్రం బాగుంటాది. నిజంగానే బాగుంటాది.”

మేధ బానక్క కాగితాన్ని మడవకుండా, జాగ్రత్తగా, వేపాకులతో సహా మా సీమ రాసుకునే పుస్తకంలో పెట్టింది. ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది.

“గింజ పడింది గదే. మొలకెత్తు మల్ల. బానక్క నుంచి ఏం తెచ్చుకుంటావు? విల్లేనా?”

“విల్లొద్దు” అన్నాను. “అది ఆడనే ఉండనీ. పైన ఉరమల్ల గదా.”

పెన్ను తీసుకున్నాను. కొత్త మనిషికి ఇంకా పేరు లేదు, ఊరు లేదు, వయసు లేదు. గుణం అని ఉన్నచోట ముందు ఒక్క మాట రాసేశాను.

నోరు.